మరక మీద వేసిన రంగు

వంటింటి అల్మారాలకు రంగు వేయడం గురించి ఒక మదరసా ఉపాధ్యాయుడు వ్యాసం రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. 30 ఏళ్లుగా మా చేతిలో ఉన్నవి సుద్దముక్క, అరబీ వ్యాకరణ గ్రంథం. కుంచె పట్టవలసిన అవసరం మాకు ఎన్నడూ కలగలేదు. అయితే 56 ఏళ్ల వయసులో, ఇంటికి వేల మైళ్ల దూరంలో, 19 తలుపులు, 9 సొరుగులు మాకు ఒక పాఠం నేర్పాయి. అది తరగతి గదిలో ఏటేటా మేమే చెబుతూ వచ్చిన పాఠం. చెప్పినవారికే అది అబ్బలేదని తెలిసినప్పుడు కలిగిన సిగ్గును దాచుకోకుండా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

గత సంవత్సరం రంజాన్ సెలవులకు మరికొన్ని వారాలు కలుపుకొని, మా శ్రీమతితో కలిసి అమెరికాలో ఉన్న కుమారుని వద్దకు వెళ్లాము. చికాగో నగరానికి పడమర దిక్కున ఒక చిన్న పట్టణంలో వారి నివాసం. 1990వ దశకంలో కట్టిన ఇల్లు. వడ్డీ లేని పద్ధతిలో ఇళ్లు కొనిపెట్టే సంస్థ ద్వారా నాలుగేళ్ల క్రితం కొన్నారు. ఆ కాలంలో అక్కడ కట్టిన మధ్యతరగతి ఇళ్లలో వంటింటి అల్మారాలకు ఓక్ కర్ర వాడడం సర్వసాధారణం. తేనె రంగు వార్నిష్, తలుపు నడుమ కమాను ఆకారపు పలక, ఇత్తడి రంగు బందులు. వీధిలో సగం ఇళ్లలో ఇదే నమూనా అని అబ్బాయి చెప్పాడు. ఏళ్ల తరబడి ఆవిరి, నూనె, వేడి తగిలి ఆ తేనె రంగు నారింజ రంగుకు తిరిగింది. పిడుల చుట్టూ చేతి జిడ్డు నల్లగా పేరుకుపోయింది. కర్ర మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్కడా వంకర లేదు, పగులు లేదు.

ఈ అల్మారాల గురించి మేము అంతకుముందే ఒకసారి విన్నాము. మేము బయలుదేరడానికి మూడు నెలల ముందు, చలికాలంలో, అబ్బాయి ఫోను చేసినప్పుడు ఆ ప్రస్తావన వచ్చింది. పాతవి తీసివేసి కొత్తవి అమర్చడానికి ఒక కాంట్రాక్టరు 22,000 డాలర్లు అడిగాడనీ, అంత డబ్బు చేతిలో లేదనీ, బ్యాంకువారు అప్పు ఇస్తామంటున్నారనీ చెప్పాడు. కోడలు అల్మారాల విషయమై బాధపడుతున్నదని కూడా అన్నాడు. మేము వెంటనే ఉపన్యాసం అందుకున్నాము. వడ్డీ నిషిద్ధమన్నాము. దుబారా తగదన్నాము. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

“ఆడవారి కోరికలకు అంతు ఉండదు నాయనా. ఇవాళ అల్మారాలంటారు, రేపు ఇల్లే మార్చమంటారు. ఇల్లాలి ముచ్చట కోసం వడ్డీ ఊబిలో కాలు పెడతావా?” అన్నాము.

“లేదు అబ్బా, అప్పు తీసుకోను” అని అబ్బాయి ఫోను పెట్టేశాడు. కుమారుణ్ణి పాపం నుంచి కాపాడామన్న తృప్తితో మేము ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోయాము.

మేము అక్కడికి చేరిన మూడవ రాత్రి మా శ్రీమతి నెమ్మదిగా ఒక మాట చెప్పింది. “ఆ రోజు ఫోను మాట అందరికీ వినిపించేలా పెట్టి ఉందట. కోడలు అక్కడే ఉన్నది. అంతా విన్నది.”

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. వడ్డీ విషయంలో మేము చెప్పింది ధర్మమే. కానీ ఆ ధర్మానికి తోకగా ఒక నిరపరాధి మీద వేసిన నింద ధర్మం కాదు. కోడలు మూడు రోజులుగా మాకు వేళకు వేడి నీళ్లు, వేళకు టీ, నమాజుకు మడత నలగని జానమాజ్ అందిస్తూ ఉన్నది. ముఖంలో ఎక్కడా కినుక లేదు. అయితే మేము వంటింట్లోకి వస్తే ఆమె మాట తగ్గేది. అదెందుకో అప్పుడు అర్థమైంది.

తెల్లవారగానే మాఫీ అడిగి ఉండవలసింది. అడగలేదు. పెద్దరికం అడ్డు వచ్చింది. మాటతో చేసిన గాయాన్ని సేవతో పూడ్చవచ్చునని మా మనసు ఒక దారి చూపింది. ఫజ్ర్ తరువాత వంటింట్లోకి వెళ్లి, “బేటీ, ఈ అల్మారాలను తీసివేయడమెందుకు? మంచి కర్ర ఇది. శుభ్రం చేసి కొత్త రంగు వేసుకుందాము. మా చాచా కడపలో పాలిష్ పని చేసేవారు. ఆ పని మాకు తెలుసు” అన్నాము.

కోడలు ఒక క్షణం మా వైపు చూసి, సొరుగులో నుంచి ఒక నోటు పుస్తకం తీసి ముందు పెట్టింది. అందులో అల్మారాల కొలతలు, కావలసిన సామాను, ఒక్కొక్కదాని ధర, పని వరుస అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నది. మొదటి పుట మీది తేదీ చూస్తే, మా ఫోను సంభాషణకు ఎన్నో నెలల వెనకటిది.

“నేను కొత్తవి అడగలేదు అబ్బాజాన్. ఇవి చీకటిగా ఉన్నాయి, బాగోలేవు అన్నాను. ఆయన కొత్తవి కావాలేమో అనుకున్నారు. రంగు వేస్తే చాలు అని నేను చెప్పేలోపే కాంట్రాక్టరును పిలిపించారు.”

పుస్తకం చివరి పుటలో రంగు నమూనా కాగితాలు అయిదు అంటించి ఉన్నాయి. అన్నీ పిస్తా రంగులే. ఒకటి కాస్త పసుపు వైపు, ఒకటి బూడిద వైపు, అంతే తేడా. అదే రంగు ఎందుకని అడిగాము. నల్గొండలో తన తల్లిగారి వంటింటి అల్మారా పిస్తా రంగులో ఉండేదని చెప్పింది. రెండేళ్ల క్రితం ఆ తల్లి కన్నుమూశారు. వీసా కాగితాలు పరిశీలనలో ఉన్నందున కోడలు చివరిచూపుకు వెళ్లలేకపోయింది. ఆ తరువాత ఇల్లు అమ్మేశారు. “ఇక్కడ రోజంతా నిలబడేది ఈ వంటింట్లోనే కదా అబ్బాజాన్. కళ్ల ముందు ఆ రంగు ఉంటే బాగుంటుందనుకున్నాను” అన్నది.

మేము దుబారా అని పేరు పెట్టినది ఇదీ! అప్పుడైనా నోరు విప్పవలసింది. గొంతు పెగలలేదు. “రేపటి నుంచే మొదలుపెడదాము” అని మాత్రం అనగలిగాము.

పని మొదలైంది. ముందుగా అల్మారాలన్నీ ఖాళీ చేశాము. తలుపులు విప్పేటప్పుడు ఒక్కొక్క తలుపుకు ఒక సంఖ్య, అది ఉండిన చోటుకు అదే సంఖ్య వేయాలని కోడలు పట్టుబట్టింది. ఒకే కొలతలా కనిపించినా ఏళ్ల తరబడి ఒకచోట వేలాడిన తలుపు మరోచోట సరిగా కూర్చోదు. బందు కింద దాగే చోట మనుమడు సంఖ్యలు రాశాడు. తొమ్మిదేళ్ల వాడు, ఆ పని వాడికి పండుగ అయింది. ఒక్కొక్క తలుపు మరమేకులను విడివిడిగా చిన్న సంచిలో వేసి, వాటి మీద కూడా అవే సంఖ్యలు వేశాడు.

తరువాత కడగడం. జిడ్డు వదిలించే ద్రావణంతో రెండుసార్లు, మంచినీటితో ఒకసారి. మొదటి బకెట్టు నీళ్లు టీ రంగుకు తిరిగాయి. పొయ్యి పైనున్న రెండు తలుపులకు నాలుగుసార్లు కడగవలసి వచ్చింది. ఈ పనికే ఒక పూర్తి రోజు పట్టింది. జిడ్డు పోకుండా గరుకు కాగితం రుద్దితే ఆ జిడ్డు కర్రలోకి మరింత దిగుతుందనీ, దాని మీద వేసిన రంగు పొరలు పొరలుగా లేస్తుందనీ కోడలు చెప్పింది. అది నిజమని మాకూ తెలుసు. చాచా కూడా కడగకుండా ఏ బల్లనూ ముట్టుకునేవారు కాదు.

ఆ తరువాతి పని నునుపు పట్టడం. ఇక్కడే మా తెలివి అడ్డు వచ్చింది. పాత వార్నిష్ మెరుపు పోయి, కొత్త రంగుకు పట్టు దొరికితే చాలు, కర్ర బయటపడేదాకా రుద్దనక్కరలేదని నోటు పుస్తకంలో స్పష్టంగా రాసి ఉన్నది. 120 నంబరు కాగితంతో ఒకసారి, 220తో ఒకసారి, కర్ర గీత వెంబడి తేలికగా రుద్దడం, అంతే. కానీ చిన్నప్పుడు చాచా పాత టేకు బల్లలను పచ్చి కర్ర వచ్చేదాకా చిత్రిక పట్టడం, ఆ మీద చపడా పాలిష్ వేయడం మేము చూసి ఉన్నాము. చపడా పారదర్శకమైన పాలిష్. దాని కింద కర్రే అందం కాబట్టి అంత శ్రమ. రంగు వేసే పనికి అది వర్తించదు. ఈ భేదం గ్రహించకుండా గ్యారేజీలో కూర్చొని 11 తలుపులను కసిగా రుద్ది, అక్కడక్కడ పచ్చి కర్ర బయటపడేలా చేశాము. “చాలు అబ్బాజాన్” అని కోడలు రెండుసార్లు అన్నది. వినలేదు.

ఇక్కడ పాఠకులకు ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికాలో 1978లో ఇళ్ల రంగుల్లో సీసం వాడకాన్ని నిషేధించారు. ఆ ఇల్లు తరువాతి కాలానిది కాబట్టి భయం లేకపోయింది. మన దేశంలో రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందు ఎనామిల్ వేసిన తలుపులు, కిటికీలు, ఊయలలు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. వాటిని పొడిగా రుద్ది ధూళి లేపడం, అందునా పసిపిల్లలు తిరిగే చోట, ఎంతమాత్రం మంచిది కాదు.

రుద్దుతూ ఉండగా మనుమడు ఒక వింత చూపించాడు. వాళ్ల నాన్న ఒక మూలన పెట్టిన ఎర్ర ఓక్ ముక్క, జానెడు పొడవున్నది, తెచ్చాడు. దాని ఒక కొసను గ్లాసు నీళ్లలో ముంచి, రెండో కొసన నోరు పెట్టి ఊదాడు. నీళ్లలో బుడగలు లేచాయి! ఎర్ర ఓక్ కర్రలో సన్నని గొట్టాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరిచి ఉంటాయి. తెల్ల ఓక్‌లో అవి మూసుకుపోయి ఉంటాయి కాబట్టి ఈ ఆట దానితో సాగదు. పైకి గట్టిగా, మూసుకుపోయినట్టు కనిపించే కర్ర లోపల ఇన్ని దారులున్నాయా అని మేము ఆశ్చర్యపోయాము. ఆ దారుల గుండా ఏమేమి బయటికి వస్తాయో రెండు రోజుల తరువాత తెలిసింది.

ఓక్ కర్రకు రంగు వేయడానికి ముందు లక్కతో చేసిన ప్రైమర్ వేయాలని కోడలు రాసుకున్నది. డబ్బా కూడా తెచ్చి పెట్టింది. మూత తీయగానే స్పిరిట్ వాసన గుప్పుమంది. మాకు తల తిరిగినంత పనైంది. మరో మూలన, గోడలకు వాడగా మిగిలిన నీటి ప్రైమర్ డబ్బా కనబడింది. “ఇది ఉండగా అది ఎందుకు బేటీ? దాన్ని తిరిగి ఇచ్చేస్తే డబ్బు కూడా మిగులుతుంది. ప్రైమర్ ఏదైనా ప్రైమరే” అన్నాము. ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఫోనులో అంత మాట అన్న మామగారితో డబ్బు ఖర్చయ్యే విషయంలో ఎదురాడేదెలా? ఆ సంగతి ఇప్పుడు రాస్తూ ఉంటే అర్థమవుతున్నది గానీ, అప్పుడు మాత్రం ఆమె ఒప్పుకున్నదనే అనుకున్నాము.

మేము రుద్దిన 11 తలుపులకు నీటి ప్రైమర్ వేశాము. సాయంత్రానికి పాలమీగడలా తెల్లగా, నిండుగా కనిపించాయి. మర్నాడు ఉదయం వెళ్లి చూస్తే తలుపుల నిండా పసుపు, గోధుమ మరకలు! ఎక్కడెక్కడ పచ్చి కర్ర బయటపడిందో సరిగ్గా అక్కడే. తొందరపడి ఇంకొక పూత వేశాము. మధ్యాహ్నానికి మరకలు మళ్లీ పైకి తేలాయి.

ఆ మరక ఏమిటో మాకు తెలియనిది కాదు. ఓక్ కర్రలో టానిన్ అనే వగరు పదార్థం విరివిగా ఉంటుంది. మన వైపు తోళ్లు పదును చేయడానికి తంగేడు బెరడు వాడినట్టు ఐరోపాలో ఓక్ బెరడు వాడేవారు. మన పచారీ దుకాణాల్లో దొరికే మాచికాయ కూడా ఓక్ జాతి చెట్టుదే. ఒక జాతి పురుగు గుడ్లు పెట్టిన చోట కొమ్మ మీద ఏర్పడే బుడిపె అది. అరబీలో దాన్ని అఫ్స్ అంటారు. మాచికాయలను నలగగొట్టి, నానబెట్టి, అన్నభేది, తుమ్మ జిగురు కలిపితే చెరగని నల్ల సిరా అవుతుంది. శతాబ్దాల పాటు ఎన్నో అరబీ వ్రాతప్రతులను ఇటువంటి సిరాతోనే రాశారు. వ్రాతప్రతుల గురించి విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ సంగతి మేము ఏటా చెబుతాము. ఆ టానిన్ నీటిలో కరుగుతుంది. నీటితో చేసిన ప్రైమర్ వేస్తే ఆ తడికి కరిగి పైకి వస్తుంది. మరో పూత వేస్తే ఆ పూత గుండా కూడా వస్తుంది. ఎన్ని పూతలు వేసినా దాని దారి అది వెతుక్కుంటుంది. లోకానికి సిరా కథ చెప్పే పండితుడికి తన చేతి కింది చెక్క అదే సిరాతో రాస్తుందని తోచలేదు.

ఆ మరకలు చూస్తూ గ్యారేజీలో చాలాసేపు కూర్చున్నాము. చలికాలపు మాట ఒక మరక. దాని మీద మేము వేసిన సేవ ఒక పూత; మనుమడితో ఆటలు, కోడలి వంటకు పొగడ్తలు మరికొన్ని పూతలు. ఎన్ని వేసినా ఆమె మాట మా ముందు తగ్గుతూనే ఉన్నది. మరకకు చేయవలసింది చేయకుండా రంగు మీద రంగు వేస్తున్నాము.

మనుమణ్ణి లోపలికి పంపి కోడలిని పిలిచాము. “బేటీ, ఈ తలుపుల విషయంలో నీ మాట వినక తప్పు చేశాము” అన్నాము.

“పర్వాలేదు అబ్బాజాన్, ఒక రోజు పని పెరిగింది, అంతే.”

“ఇంకొకటి ఉంది. చలికాలంలో ఫోనులో నీ గురించి ఒక మాట అన్నాము. అది నిజం కాదు. నిజమే అయినా అనవలసిన మాట కాదు. మమ్మల్ని మాఫ్ చెయ్యి.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చేతిలోని కుంచెను గుడ్డతో తుడుస్తూ నిలబడింది. తరువాత నేల చూస్తూ అన్నది: “ఆ రోజు రొట్టెల పిండి కలుపుతున్నాను అబ్బాజాన్. చేతులు పిండిలో ఉన్నాయి, అందుకే ఫోను ఆపలేకపోయాను. విన్నాక కూడా రొట్టెలన్నీ చేశాను. అందరూ తిన్నారు. నాకే సహించలేదు.”

ఏమి చెప్పగలము? తల వంచుకొని ఉన్నాము.

“అమ్మ పోయాక మిమ్మల్ని, అత్తయ్యనే తల్లిదండ్రులనుకున్నాను. అందుకే అంత బాధ కలిగింది. ఆ రోజే మాఫ్ చేశానని చెబితే అబద్ధమవుతుంది అబ్బాజాన్. ఇవాళ చేస్తున్నాను” అన్నది.

ఆమె సత్యమే చెప్పింది. మర్యాద కోసం “అయ్యో, నేను ఏమీ అనుకోలేదు” అని ఉంటే అది కూడా మరక మీద ఒక పూతే అయ్యేది. ఆ సాయంత్రమే మా కుమారుణ్ణి కూడా కూర్చోబెట్టి, ఆనాటి మా మాట తప్పని చెప్పాము. నింద వేసింది అతని ముందు కాబట్టి, ఉపసంహరించుకోవలసింది కూడా అతని ముందే.

మర్నాడు లక్క ప్రైమర్ డబ్బా తెరిచాము. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి, దరిదాపుల్లో ఎక్కడా మంట లేకుండా చూసుకొని, మరకలు పడిన తలుపులను తేలికగా రుద్ది, తుడిచి, పూత వేశాము. గంట తిరగకుండా ఆరిపోయింది. సాయంత్రం దాకా చూశాము. మర్నాడు చూశాము. ఒక్క మరక పైకి రాలేదు.

ఆ డబ్బాలో ఉన్నది మన దేశం ఎరిగిన లక్కే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే గూడు నుంచి లక్క వస్తుంది. మన దేశంలో దాని ఉత్పత్తిలో ఝార్ఖండ్ ముందుంది. శుద్ధి చేసి రేకులుగా మార్చిన లక్కనే చాచా చపడా అని స్పిరిట్‌లో నానబెట్టేవారు. ఈ సంగతి చెబితే కోడలు లోపలికి వెళ్లి, హైదరాబాద్ లాడ్ బజార్‌లో తన పెళ్లికి తల్లిగారు కొనిపెట్టిన లక్క గాజులు తెచ్చి మనుమడికి చూపించింది. “ఇదీ అదేనా?” అని వాడు గాజునూ డబ్బానూ మార్చి మార్చి చూశాడు. అమెరికా గ్యారేజీలో ఆ రోజు నల్గొండ, కడప, లాడ్ బజార్ అన్నీ కలిశాయి. కోడలు చాలా రోజుల తరువాత గట్టిగా నవ్వింది.

ఇక రంగు. అయిదు నమూనా కాగితాలను ఒక తలుపుకు అంటించి ఉదయపు ఎండలో, మధ్యాహ్నం, రాత్రి దీపం కింద చూశాము. దుకాణంలో నచ్చినది ఇంట్లో నచ్చలేదు. దీపం కింద అది పసుపుగా మారింది. చివరికి కాస్త బూడిద వైపున్న పిస్తా నిలిచింది. ఓక్ కర్ర గీతలు లోతుగా ఉంటాయి. అద్దంలా నునుపు కావాలంటే ముందే లప్పం పూసి ఆ గీతలను పూడ్చాలి. కోడలు వద్దన్నది. రంగు కింద కర్ర కర్రలాగే కనిపించాలన్నది. పలకల అంచుల్లో కుంచెతో, చదునైన చోట చిన్న స్పాంజి రోలరుతో రెండు పూతలు వేశాము. ఒక పూతకూ మరో పూతకూ నడుమ ఒక రోజు ఆగాము. చేతికి ఆరినట్టు తగిలినా, ఆ రంగు పూర్తిగా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా తడిగుడ్డతో గట్టిగా తుడవకూడదు, తలుపులు దభాలున వేయకూడదు. ఈ నిబంధనను మనుమడు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు.

తలుపులు సంఖ్యల ప్రకారం తిరిగి బిగించిన రోజు అబ్బాయి వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. ఖర్చు లెక్క వేస్తే, ప్రైమర్, రంగు, కాగితాలు, కుంచెలు, కొత్త పిడులు అన్నీ కలిపి 430 డాలర్లు. కాంట్రాక్టరు అడిగినదానిలో యాభయ్యో వంతు. పట్టిన కాలం రెండు వారాలు. కోడలు ఆ సాయంత్రం వంట చేస్తూ మధ్యమధ్యలో చేయి ఆపి తలుపుల వైపు చూడడం మేము గమనించాము. ఏమీ అడగలేదు. అడగవలసినది లేదు.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన ఉదంతం పాఠకులందరికీ తెలిసినదే. పైన పొడి గింజలు పోసి తడి గింజలను కింద దాచిన వర్తకుణ్ణి ఆయన మందలించారు. 30 ఏళ్లుగా ఈ ఉదంతాన్ని వ్యాపారుల పాఠంగానే బోధిస్తూ వచ్చాము. మేమేమీ అమ్మము కదా, మాకేమి సంబంధం అనుకున్నాము. కానీ ఇళ్లలో కూడా పొడి గింజల కింద తడి గింజలు ఉంటాయి. కోడలిని బాధపెట్టి చీర కొనిపెట్టే అత్తగారు, భార్యను నలుగురిలో చిన్నబుచ్చి మిఠాయి పొట్లం తెచ్చే భర్త, కొడుకు మనసు విరిచి వాడికి ఇష్టమైన కూర వండే తల్లి. వీరందరూ మంచివారే, మాలాగే. కానుక మంచిదే. దాని ముందు రావలసిన మాట రాకపోతే ఆ కానుక కింద తడి అలాగే ఉంటుంది. అందులోనూ పెద్దలం చిన్నవారిని మాఫీ అడగడం మన ఇళ్లలో ఎంత అరుదో మాకు తెలుసు. అడిగితే గౌరవం తగ్గుతుందని భయం. మా అనుభవంలో తగ్గింది గౌరవం కాదు, దూరం.

పాఠక సోదర సోదరీమణులారా, మీ ఇంట్లో కర్ర గట్టిగా ఉన్న పాత అల్మారా ఉంటే దాన్ని పారవేయకండి. కడగండి, తేలికగా రుద్దండి, కర్రకు తగిన ప్రైమర్ వేయండి, ఆరనివ్వండి, అప్పుడు రంగు వేయండి. ఇంట్లో చేసే పని ఎవరికి బాగా తెలుసో వారి మాట, వయసులో చిన్నవారైనా సరే, వినండి.

మేము తిరిగి వచ్చి మదరసాలో చేరిన తరువాత, ఈదుల్ అజ్‌హా రోజు కోడలు ఫోను చేసింది. చెత్తబుట్ట పక్కనున్న తలుపు, ఏడవ సంఖ్యది, అంచున కాస్త దెబ్బతిన్నదట. మిగిలిన రంగును చిన్న సీసాలో దాచి ఉంచినట్టు చెప్పింది. మా ఉపాధ్యాయ స్వభావం ఊరుకుంటుందా? “ముందు ఆ చోటు కడుగు బేటీ, బాగా ఆరనివ్వు, కర్ర బయటపడి ఉంటే లక్క ప్రైమర్ చుక్క అద్దు, అప్పుడు రంగు...” అంటూ మొదలుపెట్టాము.

“తెలుసు అబ్బాజాన్” అని ఆమె నవ్వింది. “పుస్తకం నాదే కదా!”